నాలుగెకరాల్లో గడ్డి: బ్రష్ కట్టర్ కొనాలా, ట్రాక్టర్ పెట్టించాలా?

వీకెండ్_రైతు:
అందరికీ నమస్తే. మేం ఉండేది మియాపూర్‌లో, శంకర్‌పల్లి దాటాక నాలుగెకరాలుంది, ఎర్ర నేల. ఒక పక్క మామిడి మొక్కలు పెట్టాం, ఇంకా చిన్నవే, మిగతాదంతా ఖాళీ. ఎండాకాలం ఏ గొడవా లేదు, జూన్‌లో నాలుగు వానలు పడితే చాలు ఆగస్టు కల్లా నడుమెత్తు గడ్డి, బోరు దగ్గరికి పోయి స్టార్టర్ నొక్కాలన్నా భయమే. కూలీలతో కోయిద్దామంటే సరిగ్గా అప్పుడే పత్తిలో కలుపు పనులుంటాయి, మనుషులు దొరకరు, దొరికినా ఈ మూల అయ్యేసరికి ఆ మూల మళ్ళీ లేస్తోంది. భుజాన తగిలించుకుని గడ్డి కోసే బ్రష్ కట్టర్ కొందామని నేనంటున్నా, ట్రాక్టర్‌తో మట్టి తిరగేసే రోటవేటర్ వేయిస్తే ఒక్క పూటలో అయిపోతుంది కదరా అని మా నాన్న, మందు కొట్టి పడేయండి అని పక్క పొలం ఆయన. యూట్యూబ్‌లో చూస్తే అమెరికా వాళ్ళు టోపీ పెట్టుకుని గడ్డి కోసే మోవర్ మీద కూర్చుని హాయిగా తిరుగుతుంటారు, అది మన దగ్గర నడుస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్, అమ్మేవాళ్ళు వద్దు.

మొయినాబాద్_మామిడి:
కూర్చుని తోలే మోవర్ సంగతి వదిలేయండి బ్రో. అది చదునైన లాన్ మీద వారం పది రోజులకోసారి కోసుకోవడానికి చేసిన బండి, మన నేలలో రాళ్ళూ పుట్టలూ గట్లూ, పైగా నడుమెత్తు గడ్డి, దాని బ్లేడు తట్టుకోదు.

బ్రష్ కట్టర్ మాత్రం కొనాల్సిందే, కానీ నాలుగెకరాలూ దాంతోనే అనుకుంటే మీ భుజాలు పోతాయి. దట్టమైన గడ్డిలో ఒక మనిషి రోజంతా కొడితే ఎకరం అయితే గొప్పే, సాయంత్రానికి ఆ అదురుకి చేతులు మొద్దుబారిపోతాయి. ఫోర్ స్ట్రోక్‌ది తీసుకోండి, 35 సీసీ వస్తే చాలు. టూ స్ట్రోక్ తేలిగ్గా ఉంటుంది నిజమే కానీ ప్రతిసారీ పెట్రోల్లో ఆయిల్ కలపాలి, మీరు లేనప్పుడు పనివాడు ఉత్త పెట్రోల్ పోసి స్టార్ట్ చేశాడంటే ఇంజన్ పట్టేస్తుంది. లేత గడ్డికి నైలాన్ తాడు, మొద్దు కాడలకి బ్లేడు. మీ చిన్న మామిడి మొక్కల మొదట్లోకి మాత్రం ఆ తాడు పోనివ్వకండి, బెరడు చుట్టూ చెక్కేస్తుంది, పైకి ఏం కనపడదు, కొన్నాళ్ళకి మొక్క నిలువునా ఎండిపోతుంది. మొదలు చుట్టూ మూరెడు వదిలేసి కొడవలితో కోయించండి. ఇంకా ముఖ్యం, కళ్ళకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, రాయి తగిలితే బుల్లెట్‌లా వస్తుంది, చుట్టూ 15 మీటర్ల దాకా మనుషులూ కుక్కలూ ఉండకూడదు.

ఇక రోటవేటర్, మీ నాన్నగారు ఏమీ అనుకోకపోతే, గడ్డి కోసం అది తప్పు పనిముట్టు. తుంగ గడ్డల్నీ గరిక వేర్లనీ ముక్కలు చేసి పొలమంతా పంచి పెడుతుంది, ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. మీది ఏటవాలుగా ఉంటే వదులైన ఎర్రమట్టి తర్వాతి వానకి కిందకి పోతుంది కూడా. ట్రాక్టర్‌కే వెనక తగిలించే స్లాషర్ ఉంటుంది, పైపైన కోసుకుంటూ పోతుంది, వేర్లు మట్టిని పట్టుకునే ఉంటాయి. అన్ని ఊళ్ళలో ఉండదు, అడగాలి. ఖాళీ భాగానికి అది, మొక్కల మధ్య బ్రష్ కట్టర్, ఇదీ నా లెక్క.

వికారాబాద్_పోరడు:
అన్నా మిషిన్లు తర్వాత సూద్దువు, ముందుగాల ఊర్ల బర్లున్నోళ్ళకు చెప్పు, గడ్డి కోస్కపోండ్రి అని. పైసలు అడగకు. మంచిగ కోస్కపోతరు, నువ్వు లేనప్పుడు పొలం మీద ఓ కన్ను గూడ ఏస్తరు. ఖాళీ ఉన్న దిక్కు గొర్లోళ్ళతోని మాట్లాడి రాత్రిపూట మంద పెట్టియ్యి, గడ్డికి గడ్డి పోతది, ఎరువుకు ఎరువు. మేకలు మాత్రం వద్దే వద్దు, అవి గడ్డి ఇడిసిపెట్టి నీ మామిడాకులకు పోతయి.

ఇంకోటి, గునుగు తంగేడు లేస్తే బతుకమ్మ అయ్యేదాంక ఆ ముక్క కొయ్యకు. ఊరి ఆడోళ్ళు పూలకొస్తరు, నువ్వు పట్నం నుంచొచ్చి అంతా చెక్కి పెట్టినవంటే దసరాకు నీకు గట్టిగనే పడతయి.

తోటలో_టీచరమ్మ:
అసలు అంతా ఎందుకు కొయ్యాలి అని నా ప్రశ్న. ఇంటి చుట్టూ, బోరుకి దారి, కంచె వెంబడి, మొక్కల మధ్య, ఇంతవరకు పొట్టిగా ఉంచుకుంటే సరిపోతుంది. మిగతాది గింజ కట్టకముందు ఒకసారి కొట్టిస్తే చాలు. ఆ ఖాళీలో దిగేముందు ఒకసారి నడిచి చూడండి, వానాకాలంలోనే నెమళ్ళు గడ్డిలో నేల మీద గుడ్లు పెడతాయి, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ పక్షి అది, గూడు కనపడితే ఆ చుట్టుపక్కల వదిలేయాల్సిందే. కోసేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి బయటికి రండి. అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ పోతే పాములూ కౌజులూ అన్నీ మధ్యలో ఇరుక్కుంటాయి, ఆఖరి చక్కరులో మీ కాళ్ళ దగ్గరే తేలతాయి. మోకాళ్ళ దాకా గంబూట్లు తప్పనిసరి. రక్తపింజర కదలకుండా పడుకునే ఉంటుంది, చప్పుడు చేస్తే పోతుందిలే అనుకోకండి. ఒకవేళ కాటు పడితే మంత్రం, నాటు మందు అని ఆగకుండా విరుగుడు ఇంజెక్షన్ ఉండే పెద్దాసుపత్రికి నేరుగా పోవాలి.

వయ్యారిభామ కలుపు (పార్థీనియం) ఉందా మీ దగ్గర? దాన్ని కోస్తే కింద నుంచి మళ్ళీ వస్తుంది. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకి గ్లౌజులు వేసుకుని వేర్లతో పీకాలి. పూత మీద మిషిన్ పెట్టారంటే ఆ పుప్పొడికి తుమ్ములు, ఒళ్ళంతా దద్దుర్లు. మందు అంటున్న పక్క పొలం ఆయనకి చెప్పండి, గ్లైఫోసేట్ అనే గడ్డి మందు ఎవరుపడితే వాళ్ళు కొట్టకూడదని, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని కేంద్రం 2022లోనే ఆంక్ష పెట్టింది. పైగా గాలికి లేత మామిడి మీద పడిందంటే మొక్క దెబ్బతింటుంది.

వీకెండ్_రైతు:
థాంక్స్ అండీ అందరికీ. నాన్నకి చదివి వినిపించా, రోటవేటర్ మాట పక్కన పెట్టారు కానీ మంద మాట వినగానే మా తాతల కాలంలో అలాగే పెట్టించేవాళ్ళం అని గంటసేపు చెప్పారు. ఇంకో డౌటు, కోసిన గడ్డి ఏం చెయ్యాలి, కుప్పేసి కాల్చేయొచ్చా?

మొయినాబాద్_మామిడి:
కాల్చకండి, అంటుకుంటే మీ చేతుల్లో ఉండదు. గింజ కట్టని గడ్డి అయితే మామిడి చుట్టూ పరిచేయండి, మొదలుకి జానెడు ఎడంగా, ఆనించారంటే చెదలు పడతాయి. గింజ కట్టింది గుంతలో వేసి కుళ్ళబెట్టండి. అసలు నిప్పు భయం ఫిబ్రవరి నుంచి, అప్పటికి మీరు కొయ్యకుండా వదిలిందంతా ఎండి ఉంటుంది, పక్కవాళ్ళు గట్టు కాల్చినా, రోడ్డు మీద ఎవడో బీడీ పారేసినా అంటుకుంటుంది. సంక్రాంతికి ఊళ్ళో ఉంటారుగా, అప్పుడే కంచె లోపల చుట్టూతా ఒక ట్రాక్టర్ వెడల్పు నేల కనపడేలా చెక్కించి పెట్టుకోండి. దానికి మాత్రం నాన్నగారి రోటవేటర్ బాగా పనికొస్తుంది.