అప్‌డేట్: కొర్ర అరిసెలు ఇప్పుడు విచ్చడం లేదు

సంక్రాంతికి కొర్రపిండితో చేసిన అరిసెలు నూనెలో వేయగానే విచ్చిపోతున్నాయని అడిగాను కదా. తప్పు కొర్రలది కాదు, పాకానిది. తీగపాకంలోనే, అంటే పాకం ఇంకా లేతగా తీగలా సాగుతుండగానే పిండి కలిపేశాను.

ఈసారి అరకిలో కొర్రలు రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే మిక్సీ పట్టి జల్లించాను. మా ఒంగోలులో పిండిమరకు ఇస్తే అందులో మిగిలిన గోధుమపిండి కలుస్తుంది. గోధుమ పడనివాళ్లకు అదే ముప్పు.

350 గ్రాముల బెల్లానికి అర గ్లాసు నీళ్లు. చుక్క పాకం చన్నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండ పళ్లెంలో వేస్తే టంగుమని మోగిందంటే పాకం ముదిరినట్టే, అరిసె రాయవుతుంది. పొయ్యి కట్టేసి పిండి కొద్దికొద్దిగా కలపండి, చలిమిడి మెత్తగా ఉండగానే ఆపండి. ముందు ఒక్కటే వేసి చూడండి; విచ్చితే ఇంకో గుప్పెడు తడిపిండి.

షుగరున్నవాళ్లకు ఇవీ వద్దు, బెల్లమూ చక్కెరే.