బరువు తగ్గడానికి పరిగెత్తేవాళ్లకి టైమింగ్‌తో పనుందా?

గుణదల కుర్రాడు:
80 కిలోలున్నాను, 70కి దిగాలని పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద పరిగెత్తుతున్నాను. మా బ్యాచ్ వాళ్లేమో కిలోమీటరు ఆరు నిమిషాల్లో కొట్టాలి, 10 కిలోమీటర్ల రేసుకి పేరివ్వాలి అంటున్నారు. టైమింగ్ బాగుపడింది కానీ పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. టైమింగ్ సంగతి వదిలేయమంటారా?

పటమట అక్క:
వదిలెయ్ తమ్ముడూ. ఒకే దూరానికి మెల్లగా వెళ్లినా, వేగంగా వెళ్లినా ఖర్చయ్యే కేలరీలు దాదాపు సమానం. కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ. నీ బరువుకి 5 కిలోమీటర్లంటే 400. బ్యారేజీ 1.2 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి రెండుసార్లు వెళ్లొస్తే ఇంచుమించు అంతే. ఆ తర్వాత బ్యాచ్ అంతా టిఫిన్ బండి దగ్గర ఆగుతుంది కదా! ప్లేటు మైసూరు బజ్జీ, అల్లం చట్నీ, "ఇంకో రెండు వెయ్యి బాబాయ్, ఇవాళ ఇరగదీశాం". ఆ 400 అక్కడే చెల్లు.

లబ్బీపేట రన్నర్:
అక్కా, బజ్జీల తప్పు టైమింగ్ మీదకి తోస్తే ఎలా? ఉద్యోగస్తుడికి దొరికేదే అరగంట. అందులో నాలుగు కిలోమీటర్లకి బదులు ఐదు వెళ్తే ఖర్చు పెరుగుతుందిగా. కాటా ముల్లు కదలడం లేదని బూట్లు అటకెక్కించినవాళ్లని చాలామందిని చూశాను. మే నెలలో కూడా నన్ను మంచం మీంచి లేపింది రేసే.

పటమట అక్క:
అరగంట మాట నిజమే, ఒప్పుకుంటా. మరి ఆ బరువుతో వేగం పెంచితే మోకాళ్లు, పిక్కలు ఊరుకోవద్దూ? నొప్పొచ్చి ఇంట్లో కూర్చుంటే అరగంట కూడా ఉండదు. అసలు తేడా తిండి దగ్గరుంది. రేసుకి తయారయ్యేవాడు పరుగుకి సరిపడా తినాలి, లేకపోతే నీరసపడతాడు. బరువు తగ్గాల్సినవాడు కాస్త తక్కువ తినాలి. ఒకే కంచంలో రెండూ ఎలా కుదురుతాయి?

కృష్ణలంక బాబాయ్:
మధ్యలో నాదొక మాట. మన బెజవాడ ఎండల్లో పరుగవ్వగానే కాటా ఎక్కి కిలో తగ్గిందని సంబరపడకండి. అది చెమట, నీళ్లూ మజ్జిగా తాగేసరికి తిరిగొచ్చేస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు పోవాలి. తిండి పెరగకుండా చూసుకుంటేనే అక్క చెప్పిన 5 కిలోమీటర్ల పరుగులు పందొమ్మిది. వారానికోసారి, పరగడుపున చూసుకో అబ్బాయ్. నడుము కొలత కూడా రాసుకో.

లబ్బీపేట రన్నర్:
పందొమ్మిది పరుగులంటే హుషారు పోదా బాబాయ్? అందుకే రేసు ఉండాలంటున్నా.

గుణదల కుర్రాడు:
75కి దిగేదాకా రేసుకి పేరివ్వను, వాచీలో వేగం కనపడకుండా పెట్టేశాను. లబ్బీపేట అన్నా, అప్పటిదాకా మెల్లగా పరిగెత్తేవాళ్లెవరైనా తోడుంటే చెప్పండి. బండి దగ్గర ఆగనివాళ్లయితే మరీ మంచిది.