చల్లని లోహం మీద నీరు, బలమైన విద్యుత్ క్షేత్రం: మీరేం గమనించారు?

రాగిరేకు:
బాగా చల్లబరిచిన రాగి పలకకు కొద్ది ఎత్తులో హై వోల్టేజీ ఎలక్ట్రోడ్ పెట్టాను. మామూలుగా పలకంతా పరుచుకునే మంచు, వోల్టేజీ ఇస్తే సన్నటి సూదుల్లా ఎలక్ట్రోడ్ వైపు లేస్తోంది. కొన్ని విరిగి ఎగిరిపోతున్నాయి కూడా. క్షేత్రం నీటి అణువుల్ని వరసగా నిలబెడుతోందంటారా?

హిమబిందు:
అణువుల దాకా వెళ్లక్కర్లేదండి. మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు దాటితే గాలిలో స్పార్క్ వచ్చేస్తుంది, కాబట్టి పలకకూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య మీ క్షేత్రం అంతకు లోపే. అంత క్షేత్రంలోనూ ఒక్క నీటి అణువు మీద పడే ప్రభావం 0.0001 ఎలక్ట్రాన్ వోల్టు (అణువుల స్థాయి శక్తికి కొలమానం). 0 డిగ్రీల దగ్గర వేడి వల్ల వచ్చే కదలికే 0.023! అసలు సంగతి మంచు మొనల దగ్గరుంది. మొన ఎంత సన్నగా ఉంటే క్షేత్రం అక్కడ అంత బలంగా ఉంటుంది. చార్జ్ ఎక్కిన సూదిని ఎలక్ట్రోడ్ లాగుతుంది, తట్టుకోలేనిది విరుగుతుంది.

నిశాంత్_కె:
అణువులు నిజంగా తిరగాలంటే నానోమీటరుకు 1 వోల్టు స్థాయి కావాలి. నీళ్లలో ముంచిన ఎలక్ట్రోడ్‌ను ఆనుకుని ఉండే డబుల్ లేయర్‌లో (ఎదురెదురు చార్జ్‌లు పేరుకునే అతి పలుచని పొరలో) అంత క్షేత్రం ఉంటుంది. అప్పుడు లెక్క 0.04 ఎలక్ట్రాన్ వోల్టుకు చేరుతుంది. 100 కెల్విన్‌లో, అంటే సుమారు మైనస్ 173 డిగ్రీల సెల్సియస్‌లో, వేడి కదలిక 0.009 మాత్రమే కాబట్టి ఒంటరి అణువు క్షేత్రం మాట వింటుంది. మంచు పొరలోని అణువు అంత తేలిగ్గా వినదు. ఒక్కో హైడ్రోజన్ బంధం తెంచడానికే 0.2 దాకా కావాలి.

ధ్రువం:
మేం వాక్యూమ్‌లో ప్లాటినం మీద పలుచని నీటి పొరలు వేస్తాం. దాదాపు 130 కెల్విన్ లోపు వేస్తే స్ఫటికం కట్టదు, 160 దాటిస్తే పొర నిలవదు, ఆవిరైపోతుంది. పని చేసుకోడానికి దొరికేది ఆ కాస్త జాగానే. అందరూ వోల్టేజీ ఎంత అనే అడుగుతారు గానీ, ప్లస్సా మైనస్సా అన్నది కూడా అంతే ముఖ్యం. ఉపరితలానికి ధన చార్జ్ ఉంటే ఆక్సిజన్ అటు తిరుగుతుంది, రుణ చార్జ్ ఉంటే హైడ్రోజన్. 2010లో లిథియం టాంటలేట్ (వేడి మారితే ఉపరితలం మీద చార్జ్ మారే స్ఫటికం) మీద చేసిన ప్రయోగం చూడండి. అది లోహం కాదు, అయినా చెప్పుకోదగ్గది. రుణ చార్జ్ ఉన్నప్పుడు మైనస్ 11 డిగ్రీల్లోనూ ద్రవంగానే ఉన్న నీటి బొట్టు, మైనస్ 8కి వేడి చేస్తే గడ్డకట్టింది! వేడికి ఉపరితలం మీద చార్జ్ ధనంగా మారడమే కారణం.

రాగిరేకు:
అయితే తేమ, చలి మార్చకుండా ప్లస్, మైనస్ తిప్పి చూస్తాను.

హిమబిందు:
ముందు కరోనా (స్పార్క్ రాకుండానే ఎలక్ట్రోడ్ దగ్గరి గాలి అయాన్లుగా మారి కరెంటు కారడం) రాకుండా చూసుకోండి. ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా ఉండాలి, కరెంటు మీటరు కూడా పెట్టండి. కరోనా మొదలైతే అయాన్ల గాలి ఆవిరిని పలక మీదికి తోస్తుంది, అది ప్లస్‌కీ మైనస్‌కీ వేరువేరుగా ఉంటుంది. అప్పుడు కనిపించే తేడా మంచుదో గాలిదో చెప్పలేం.