అప్‌డేట్: తమ్ముడి చేతులు కడిగే గోల

స్కిజోఫ్రీనియాకి (లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే మానసిక జబ్బు) క్లోజాపిన్ అనే మందు వాడుతున్న మా తమ్ముడు గంటసేపు చేతులు కడుగుతూనే ఉంటున్నాడు, ఏం చేయాలని అడిగాను కదా. డాక్టర్‌గారిని కలిశాం. కొందరిలో ఆ మందు వల్లే ఇలాంటి ఓసీడీ (ఒకే ఆలోచన వదలక, ఒకే పని ఆపుకోలేక మళ్లీ మళ్లీ చేసే జబ్బు) లక్షణాలు మొదలవుతాయట. మేమేమో చాదస్తం అని వాణ్ణి తిట్టాం, పాపం!

మందు ఆపేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ఆపితే చెవిలో గొంతులు మళ్లీ మొదలవ్వచ్చన్నారు. డోసు కాస్త తగ్గించి, అరిపిప్రజోల్ అనే ఇంకో మందు కలిపారు. మీలో ఒకరు చెప్పిన ఫ్లూవోక్సమిన్ అనే ఓసీడీ మందు గురించీ అడిగాను. అది రక్తంలో క్లోజాపిన్ స్థాయిని బాగా పెంచేస్తుందట. డోసు సరిచేయకుండా, రక్తపరీక్ష చూడకుండా కలపడం ప్రమాదమన్నారు.

6 వారాలైంది. గంట కాస్తా 20 నిమిషాలకు దిగింది. కుళాయి కట్టేశానా అని రాత్రిళ్లు అమ్మని లేపి అడగడం మాత్రం ఇంకా తగ్గలేదు.