సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఇంట్లో తెలుస్తుందా? అర్జెంట్

హాస్టల్ నిశాచరుడు: సాయంత్రం నుంచి నెట్‌లో వెతుకుతూనే ఉన్నా, ఏది ఓపెన్ చేసినా ముందు ఫోన్ నంబర్ ఇవ్వమంటాడు, ఇస్తే ఇక కాల్స్ మీద కాల్స్. సింపుల్ డౌట్ అండి, సైకియాట్రిస్ట్‌ని కలవాలంటే పేరెంట్స్‌ని తీసుకురమ్మంటారా? ఇంటికి తెలుస్తుందా? తెలిసినవాళ్లే చెప్పండి ప్లీజ్.

పాత సీనియర్: వయసెంత, ఏ ఏరియా, ప్రాబ్లమ్ ఏంటి?

ఎండపొడ: తమ్ముడూ, ముందు థైరాయిడ్, బీ12, డీ విటమిన్ టెస్టులు చేయించు. ఈ కాలం పిల్లలకి ఎండ అనేదే తగలట్లేదు, పొద్దున ఏసీ క్లాసు, రాత్రంతా ఫోను. మా బాబాయి కొడుక్కి డిప్రెషన్ అనుకున్నాం, తీరా చూస్తే థైరాయిడ్. రాత్రి పూట టీ కూడా మానెయ్, పేరే నిశాచరుడని పెట్టుకున్నావ్, ఇరానీ హోటల్లో టీలు తాగుతూ కూర్చుంటే నిద్ర ఎట్లా వస్తుంది.

హాస్టల్ నిశాచరుడు: అన్నా నేను టీ గురించి అడగలేదు 🙏 తార్నాక వైపు ఉంటా, పీజీ ఫస్టియర్. నిద్ర పట్టట్లేదు, అంతే.

బస్తీ పోరడు: గాంధీకి పో. సైకియాట్రీ ఓపీ ఉంటది. పొద్దుగాలనే పోయి చీటీ తీస్కో.

హాస్టల్ నిశాచరుడు: గవర్నమెంట్ ఆస్పత్రా? అక్కణ్ణుంచి ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కి పంపేస్తే?

బస్తీ పోరడు: నిద్ర వడ్తలేదంటే ఎవడు పంపుతడు? పంపినా ఏమైతది? ఎర్రగడ్డల గూడ ఓపీ ఉన్నది, చూపించుకొని మందులు తీస్కొని ఇంటికి పోయేటోళ్లు రోజూ ఉంటరు. సిన్మాల జోకులు జూసి భయపడకుండ్రి.

లా పాయింటు: 18 దాటితే పేరెంట్స్ అవసరం లేదు, నీ అంతట నువ్వు వెళ్లొచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 23 ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అది వేరే చర్చ. కానీ నాన్నగారి ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెడితే మెసేజ్ ఆయన ఫోన్‌కే పోవచ్చు, అది చూసుకో.

మేఘన 99: దీనికి సైకియాట్రిస్ట్ దాకా ఎందుకు? క్యాంపస్‌లో సైకాలజిస్ట్ ఉంటే మాట్లాడితే చాలు, వాళ్లూ డాక్టర్లే.

పాత సీనియర్: కాదమ్మా. పీహెచ్‌డీ ఉంటే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుంటారు గానీ మందులు రాయరు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత అందులో పీజీ చేసినవాళ్లు.

మేఘన 99: మందులే పరిష్కారం అని ఎవరన్నారు? మా కజిన్‌కి కౌన్సెలింగ్‌తోనే తగ్గింది.

ఎండపొడ: మా వీధిలో న్యూరో సైకియాట్రిస్ట్ అని బోర్డు ఉంది మరి, ఆయన నరాల డాక్టరా, మనసు డాక్టరా?

పాత సీనియర్: చాలా వరకు సైకియాట్రిస్టే, నరాలు అంటే జనం మొహమాటం లేకుండా వస్తారని. బోర్డు కాదు, కింద డిగ్రీ చూడండి.

హాస్టల్ నిశాచరుడు: మీరు మీరు తర్వాత కొట్టుకోండి. మెయిన్ విషయం ఏంటంటే హాస్టల్ దగ్గర క్లినిక్‌లో ఒకాయన నిద్రకని క్లోనాజెపామ్ అనే మాత్ర రాశారు, కొన్ని నెలలుగా వేసుకుంటున్నా, స్ట్రిప్ అయిపోవచ్చింది, షాపువాడేమో కొత్త చీటీ లేనిదే ఇవ్వనంటున్నాడు.

పాత సీనియర్: ఇది మొదట చెప్పాలి కదయ్యా! అది అలవాటు పడే మందు, రోజూ వేసుకుని ఒక్కసారి ఆపితే ఉన్న నిద్రా పోతుంది, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా. మెల్లగా తగ్గించేది సైకియాట్రిస్టే చెప్పాలి. స్ట్రిప్, పాత చీటీ రెండూ పట్టుకుని రేపే వెళ్లు. రోజుకి ఎంత డోసు, ఎన్ని నెలలు, మందు తాగే అలవాటుందా, ఏదీ దాచకు. డిప్రెషన్‌కీ ఆందోళనకీ ఇచ్చే ఎస్సిటలోప్రామ్ లాంటిది మొదలుపెడితే పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో వికారంగా ఉంటే భయపడి మానెయ్యకు. ఈ రాత్రి మరీ కంగారుగా ఉంటే టెలీ మానస్ అని గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చెయ్, 24 గంటలూ ఉంటారు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అసలు బతకాలనే లేదు అనిపిస్తే రేపటిదాకా ఆగకు, ఇప్పుడే రూమ్మేట్‌ని తోడు తీసుకుని ఎమర్జెన్సీకి పో.

హాస్టల్ నిశాచరుడు: అంత లేదు అన్నా. మెట్రోకి గాంధీ స్టేషన్ ఉంది కదా?

బస్తీ పోరడు: ఉన్నది. తార్నాక నుంచి బస్సే నయం.

హాస్టల్ నిశాచరుడు: ఓకే థాంక్స్.

ఎండపొడ: రక్తం ఇచ్చేటప్పుడు బీ12 కూడా రాయమను తమ్ముడూ