కాటమరాజు కథల పుల్లరి లెక్క పిల్లలకు ఎట్ల చెప్పాలె?

అచ్చంపేటోడు:
ఎండాకాలం సెలవులకొచ్చే పిల్లలకు గొల్లల వీరుడు కాటమరాజు కథ రెండు రాత్రులల్ల చెప్పాలె. 8 నుంచి 12 ఏండ్లోళ్లు. పుల్లరి, అంటే మేతకు కట్టే పన్ను కాడికొచ్చేసరికి ఆవులిస్తరు, ఎట్ల చెప్తే ఎక్కుతది? ఒగ్గోళ్లను పిలిస్తే ఈ కథ చెప్తరా?

మందకాడి మాట:
ఒగ్గోళ్లవి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పేది మందెచ్చులోళ్లు, కొయ్యబొమ్మలు ముందర పెట్టుకుంట చెప్తరు. ఈ మధ్య అన్నిటినీ ఒగ్గుకథే అంటున్నరు గని, వేరే.

పుల్లరి సంగతి ఇది. కరువుల మంద నెల్లూరు సీమకు దిగుతది. అక్కడి రాజు నల్లసిద్ధితోని ఒప్పందం: నీట పుట్టిన పచ్చికంత ఆవులది, ఆవులకు పుట్టిన కోడెదూడలన్ని రాజువి, అదే పుల్లరి. వానల్లేక బీడు ఎండితే ఆవులు వరిమళ్లల్ల పడతయి. వరి గూడ నీట పుట్టిందే గద! కాటమరాజు పుల్లరి కట్టనంటడు. ఇక్కడ ఆపి, తప్పెవరిదని పిల్లలనే అడగండి. తీర్పు మీరు చెప్తే తర్వాత ఇద్దరి నడుమ జరిగే ఎర్రగడ్డపాడు యుద్ధం సప్పగైతది.

పాలమూరు పసులు:
చింతగింజలతోని చూపెట్టుండ్రి. 100 గింజలు, 100 ఆవులు. చూడి 9 నెలల 10 రోజులు, ఈతకు ఈతకు నడుమ ఏడాదిన్నర అటూ ఇటూ. ఏడాదికి 65 దాక దూడలు, సగం కోడెలు. 32 గింజలు రాజు దిక్కు జరపాలె. పెయ్యలు మందకే ఉంటయి, రాజుకు నాగలెద్దులు దొరుకుతయి. మొదట్ల ఇద్దరికీ నచ్చిన బేరమే. కరువుల ఆవులు ఎదకు రావు, అప్పుడు గింజలు జరగవు. దూడల చావు మాత్రం లెక్కల కలపకండి, పిల్లలకు చిక్కుపడ్తది.

తెల్లారి ఎద్దు కాడికి తీస్కపోయి నోట్ల పండ్లతోని వయసెట్ల తెలుస్తదో చూపెట్టండి. కింది పెదవి వంచాలె. పైదవడకు ముందు పండ్లుండవు, అక్కడ చూసి ఊడిపోయినయనుకుంటరు. రెండు పెద్దపండ్లొస్తే రెండేండ్లు దాటినట్టు, ఎనిమిదీ నిండితే నాలుగు దాటినట్టు.

అచ్చంపేటోడు:
గింజలు మంచిగున్నయన్నా. ఎద్దు ఏ జాతిదైనా నడుస్తదా?

పాలమూరు పసులు:
పండ్లకు జాతితోని పనిలేదు. అమ్రాబాద్ పొడ తూర్పు దొరికితే అదే చూపెట్టు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి పొడలు చూస్తే ఆ పేరెందుకొచ్చిందో పిల్లలే చెప్తరు. ముక్కుతాడు పెంచినోని చేతులనే ఉండాలె, పిల్లలు భుజం పక్కకు నిలబడాలె. ఎనుక నుంచి పోతే తంతది.