అప్‌డేట్: ‘జ్వోనిమిర్’ అనే పేరుకు అర్థం దొరికింది

క్రొయేషియాకు చెందిన మా సహోద్యోగి పేరు జ్వోనిమిర్ అనీ, అందరూ ఆయనను జ్వోన్‌కో అని ఎందుకు పిలుస్తారో తెలియడం లేదనీ నేను ఇంతకుముందు అడిగాను. మీలో ఒకరు సూచించినట్లు మొహమాటం విడిచి ఆయననే అడిగేశాను.

జ్వోన్‌కో ముద్దుపేరు మాత్రమేనట. అసలు పేరులోని మొదటి భాగానికి మ్రోగడం అనీ, ‘మిర్’కు శాంతి అనీ అర్థం చెబుతారు, వాళ్ల భాషలో గంటను ‘జ్వోనో’ అంటారని తెలిశాక ఆ పేరు నాకు మరి పరాయిగా అనిపించలేదు.

ఈ పేరుకు గౌరవం తెచ్చినవాడు 1075లో సోలిన్‌లో, పోప్ ప్రతినిధి చేతుల మీదుగా కిరీటం ధరించిన క్రొయేషియా రాజు ద్మితర్ జ్వోనిమిర్. క్ర్క్ దీవిలోని చిన్న చర్చిలో 1851లో బయటపడిన, సుమారు 1100 నాటి బాష్కా శిలాఫలకం మీద, సెయింట్ లూసీ చర్చికి ఆయన భూమిని దానం చేసిన సంగతి గ్లాగోలిటిక్ అనే పాత స్లావిక్ లిపిలో చెక్కి ఉంది. మన దానశాసనాలు చదివినవారికి ఆ ధోరణి చిరపరిచితమే. దాదాపు రెండు మీటర్ల వెడల్పున్న ఆ సున్నపురాతి పలక ఇప్పుడు జాగ్రెబ్‌లో ఉంది.

ఈ పేరు ఫుట్‌బాల్ ఆటగాళ్లకూ ఉందని మీలోని అభిమానులు ఊహించినది కూడా నిజమే: 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టుకు కెప్టెన్ జ్వోనిమిర్ బోబన్, అదే జట్టులో జ్వోనిమిర్ సోల్డో కూడా ఉన్నాడు. మా సహోద్యోగికి మాత్రం ఆ పేరు తాతగారి నుంచి వచ్చిందట.